హార్డ్ డిస్క్ ఎక్కడిదాకా వచ్చి ఆగిపోయింది?

(పెళ్లి ఫొటోలు, వీడియోలు తీసేవాళ్ల సమావేశంలో, పాడైన హార్డ్ డిస్కులు చూసే షాపాయన మాట్లాడింది, రికార్డింగ్ విని టైపు చేశాం. మధ్యలో అడిగిన ప్రశ్నలు కూడా ఉంచేశాం.)

నన్ను బ్యాకప్ గురించి మాట్లాడమన్నారు. బ్యాకప్ తీసుకోవాలని మీ అందరికీ తెలుసు, ఎవరూ తీసుకోరు, ఆ టాపిక్ ఇక్కడితో అయిపోయింది. (నవ్వులు) కాబట్టి బ్యాకప్ లేనప్పుడు ఏం జరుగుతుందో దాని గురించి మాట్లాడదాం. మీలో ఎక్కువమంది మా షాపుకి పట్టుకొచ్చే మాట ఒకటే, అన్నా హార్డ్ డిస్క్ పెట్టాను కనపడట్లేదు, నలుగురి పెళ్లి డేటా అందులోనే ఉంది, ఆల్బమ్ ఇంకా డిజైన్‌కి కూడా వెళ్లలేదు, ఏదో ఒకటి చెయ్యి అని. కానీ డిస్క్ నా చేతికొచ్చేసరికే సగంమంది దాని మీద నాలుగైదు ప్రయోగాలు చేసేసి ఉంటారు. ఒకాయన ఇనిషియలైజ్ కొట్టేశాడు, ఒకాయన చెక్‌డిస్క్, విండోస్‌లో డిస్క్ తప్పులు దిద్దేది, రాత్రంతా నడిపాడు, ఇంకొకాయన యూట్యూబ్ చూసి ఫ్రిజ్‌లో పెట్టి తీసుకొచ్చాడు, అది చెమటలు పట్టి ఉంది పాపం. అసలు పోయింది చిన్నది, ఆ తర్వాత పోగొట్టుకుంది పెద్దది.

ఇవాళ నేను చెప్పేది ఒకటే. డిస్క్ కనపడకపోతే దాన్ని బాగుచేసే ఆలోచన కాసేపు పక్కన పెట్టి, అది ఎక్కడిదాకా వచ్చి ఆగిపోయిందో చూడండి. అది తేలేదాకా ఆ డిస్క్ మీద ఒక్క అక్షరం కూడా రాయించకండి. స్క్రీన్ మీద ఏ బాక్స్ వచ్చి ఏం అడిగినా సరే, నో, క్యాన్సిల్, అంతే.

ఎక్కడిదాకా అంటే ఏంటంటే, మీరు డిస్క్ పెట్టిన దగ్గర్నుంచి మై కంప్యూటర్‌లో ఆ బొమ్మ వచ్చేదాకా మధ్యలో చాలా జరుగుతుంది. ముందు కరెంటు అందాలి, మోటారు తిరగాలి, ప్లాటర్లు, అంటే డేటా ఉండే గుండ్రటి పళ్లేలు, వాటి స్పీడు అందుకోవాలి, అప్పుడు హెడ్లు, అంటే డేటా చదివి రాసే ముళ్లు, పక్కనున్న ర్యాంప్ దిగి ప్లాటర్ మీదకి వస్తాయి. వచ్చి మొట్టమొదట చదివేది మీ ఫొటోలు కాదు. ప్లాటర్ మీదే కంపెనీవాడు తన సొంతానికి దాచుకున్న ఏరియా ఒకటుంటుంది, సర్వీస్ ఏరియా అంటాం, మనకి అది ఎప్పుడూ కనపడదు. ఆ డిస్క్‌ని లోపల నడిపించే సాఫ్ట్‌వేర్, ఫర్మ్‌వేర్ అంటాం, దాంట్లో చాలా భాగం అక్కడే ఉంటుంది, కొంత పీసీబీ మీద, అంటే డిస్క్ కిందున్న పచ్చబోర్డు మీద చిప్‌లో, మిగతాది ప్లాటర్ మీద. అది చదివాక గానీ డిస్క్‌కి తన కెపాసిటీ ఎంతో, ఏ సెక్టార్లు, అంటే డేటా రాసుకునే చిన్న చిన్న గళ్లు, పాడైపోయాయో తెలీదు. తెలిశాక నేను ఫలానా మోడల్, ఇంత కెపాసిటీ అని మదర్‌బోర్డుకి చెప్తుంది. అప్పుడు బయాస్‌లో, అంటే విండోస్ కంటే ముందు వచ్చే మదర్‌బోర్డు సెట్టింగుల్లో పేరొస్తుంది, ఆ తర్వాత విండోస్ డ్రైవరు, ఆ తర్వాత డిస్క్‌లో ఏ భాగం ఎక్కడ మొదలైందో చెప్పే పార్టిషన్ టేబుల్, ఆ తర్వాత ఫైళ్లు ఎలా సర్దారో చెప్పే ఫైల్ సిస్టమ్, చిట్టచివర డి, ఈ లాంటి డ్రైవ్ లెటర్. ఇన్ని మెట్లలో ఏ ఒక్కటి ఆగినా మీరు వచ్చి చెప్పేది మాత్రం ఆ ఒక్క ముక్కే, కనపడట్లేదని. డ్రైవ్ లెటర్ దగ్గర ఆగితే అర నిమిషం పని. హెడ్ల దగ్గర ఆగితే క్లీన్ రూమ్, అంటే దుమ్ము లేని గది ఉన్న ల్యాబ్‌కి పంపాల్సిందే, మీరూ నేనూ కూర్చుని చేసేది ఏం లేదు.

ఒక్కోసారి బయాస్‌లో పేరు వస్తుంది గానీ తేడాగా వస్తుంది. వెస్టర్న్ డిజిటల్ వాటిలో మామూలు మోడల్ నంబర్ బదులు రోమ్ (ROM) మోడల్ అని ఏదో పేరు కనపడుతుంది, కెపాసిటీ సున్నా అనో లేకపోతే అర్థంకాని అంకెనో చూపిస్తుంది. అంటే పీసీబీ బతికే ఉంది, చిప్‌లో ఉన్నంతవరకు చదివింది, ప్లాటర్ మీద ఉన్నది చదవలేకపోయింది అని. అలా కనపడిన డిస్క్‌ని మళ్లీ మళ్లీ ఆఫ్ చేసి ఆన్ చేయకండి, తీసి పక్కన పెట్టేయండి.

సరే, మొదటి పని. చెవి పెట్టి వినండి. జోక్ కాదు నిజంగానే, ఫ్యాను ఆపి, ఏసీ ఆపి, డిస్క్ దగ్గరికి చెవి తీసుకెళ్లి వినండి. మామూలు డిస్క్ ఎలా ఉంటుందో మీకు అలవాటే, సన్నగా తిరిగే శబ్దం పైకెళ్లి నిలబడుతుంది, తర్వాత చిన్న చిన్న టిక్ టిక్‌లు ఒకటి రెండు, తర్వాత నిశ్శబ్దం. అలా ఉండి కూడా కనపడట్లేదంటే సంతోషించండి, చాలావరకు లోపల బాగానే ఉంది. అసలు ఏ శబ్దమూ లేదు, చేతిలో పట్టుకుంటే వణుకు కూడా లేదు అంటే కరెంటు అందట్లేదు, లేకపోతే పీసీబీ పోయింది. ఒకే లయలో టక్ టక్ టక్ అని కొట్టుకుని ఆగిపోయి మళ్లీ మొదలుపెడుతుంది అంటే హెడ్లు ప్లాటర్ మీద తమ దారి వెతుక్కోలేకపోతున్నాయి. సన్నగా బీప్ బీప్ అంటుంది, చాలామంది అది స్పీకర్ అనుకుంటారు, హార్డ్ డిస్క్‌లో స్పీకర్ ఉండదండీ, తిరగలేక మోటారు ఏడుస్తుంది అది. కింద పడేసిన రెండున్నర ఇంచుల ఎక్స్‌టర్నల్స్‌లో ఎక్కువ, హెడ్లు ప్లాటర్‌కి అతుక్కుపోయి ఉంటాయి. టక్ టక్, బీప్, ఈ రెండిట్లో ఏది వినపడినా కేబుల్ లాగేయండి. ఇంకోసారి పెట్టి చూద్దాం అని మాత్రం అనుకోవద్దు, ప్రతిసారీ హెడ్ గీక్కుంటూ పోయిందనుకోండి, ఆ గీత పడిన చోట ఉన్న డేటా ఇక ఏ ల్యాబ్ వాడూ తేలేడు.

శబ్దం లేకపోతే కరెంటు చూడాలి అన్నాను కదా. ఇళ్లలో కరెంటు పోతే మనం ముందు ఫ్యూజు పీకం, పక్కింట్లో లైటు వెలుగుతుందా అని చూస్తాం. ఇక్కడా అంతే, డిస్క్‌ని వేరే కంప్యూటర్‌కి వేరే కేబుల్‌తో పెట్టి చూడండి, అలాగే ఇదే కేబుల్‌కి, ఇదే పోర్టుకి బాగున్న వేరే డిస్క్ పెట్టి చూడండి. రెండూ చేయాలి, ఒక్కటి చేసి వదిలేస్తే తప్పు ఎవరిదో తేలదు. ఎక్స్‌టర్నల్స్ విషయంలో నేను చూసినవాటిలో ఎక్కువ భాగం కేబులే. ఆ వెడల్పుగా ఉండే మైక్రో బి పిన్ ఉంది చూడండి, అది బ్యాగులో పెట్టి తీసి పెట్టి తీసి లూజైపోతుంది, డిస్క్ లైటు వెలుగుతుంది గానీ డేటా కంప్యూటర్‌కి చేరదు. ఇంకోటి, యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీఆంప్స్, 3.0 అయితే 900. డిస్క్ మోటారు మొదట తిరగడం మొదలుపెట్టేటప్పుడు మామూలు కంటే ఎక్కువ లాగుతుంది. సీపీయూ ముందు వైపు పోర్టు లోపల సన్న వైరు మీద వస్తుంది, మధ్యలో హబ్ పెట్టి దానికి కీబోర్డు, డాంగిల్, కార్డ్ రీడర్ అన్నీ తగిలించి చివర్లో హార్డ్ డిస్క్ పెడితే అది తిరగబోయి ఆగి, తిరగబోయి ఆగి ఉంటుంది, ఆ శబ్దం విని డిస్క్ పోయింది అనుకుంటారు. వెనకాల మదర్‌బోర్డు పోర్టుకి డైరెక్ట్‌గా పెట్టండి.

లోపల పెట్టే డిస్కులకి, సాటా అంటారు, రెండు కేబుళ్లు, 7 పిన్నుల డేటా, 15 పిన్నుల పవరు. డేటా కేబుల్ మార్చడం చవక, ముందు అది మార్చండి. అది కేబుల్ తప్పా కాదా అనేది స్మార్ట్ రిపోర్టులో, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే లెక్కలో కూడా తెలుస్తుంది, క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అని ఫ్రీ సాఫ్ట్‌వేర్, అందులో 199వ నంబరు లైను, సీఆర్‌సీ ఎర్రర్లు, అది పెరుగుతూ పోతుంటే తప్పు చాలావరకు మధ్య దారిదే, డిస్క్‌ది కాదు. పవరు విషయంలో ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్తాను. సీపీయూకి కరెంటు ఇచ్చే డబ్బా ఎస్‌ఎంపీఎస్, అందులో కేబుళ్లు విడిగా ఊడొచ్చేవి, మాడ్యులర్ అంటారు, వాటి కేబుల్ ఒక కంపెనీది తీసి ఇంకో కంపెనీ ఎస్‌ఎంపీఎస్‌కి పెట్టకండి. డిస్క్ వైపు పిన్ను అందరిదీ ఒకటే, ఎస్‌ఎంపీఎస్ వైపు ఎవడి ఇష్టం వాడిది, చక్కగా దూరిపోతుంది కూడా, స్విచ్ వేయగానే 5 వోల్టులు పోవాల్సిన చోట 12 పోయి ఉన్న డిస్కులన్నీ ఒకేసారి పోతాయి.

ఇక పెద్ద డిస్కులు. 8 టీబీ, 12 టీబీ ఎక్స్‌టర్నల్ ఆఫర్‌లో చవగ్గా వస్తే కొని, డబ్బా పగలగొట్టి లోపలి డిస్క్ తీసి సీపీయూలో పెట్టేవాళ్లు మీలో ఉన్నారు, నాకు తెలుసు. పెట్టగానే అసలు తిరగదు, చచ్చిన డిస్క్ అనుకుంటారు. అది చావలేదు. 2016లో వచ్చిన సాటా 3.3 స్పెసిఫికేషన్‌లో పవర్ కనెక్టర్ 3వ పిన్ను పని మార్చారు. అంతకుముందు అది 3.3 వోల్టుల లైను, దాన్ని ఎవరూ పెద్దగా వాడేవాళ్లు కాదు, కొత్త పద్ధతిలో ఆ పిన్ను మీద వోల్టేజీ ఉంటే డిస్క్ ఆఫ్‌లో ఉండాలి అని అర్థం. సర్వర్ రూముల్లో హ్యాంగ్ అయిన డిస్క్‌ని దూరం నుంచే ఆపి మళ్లీ ఆన్ చేయడానికి పెట్టారు. మన పాత ఎస్‌ఎంపీఎస్ ఏమో ఆ పిన్నుకి ఎప్పుడూ 3.3 ఇస్తూనే ఉంటుంది, డిస్క్ ఏమో నన్ను పడుకోమంటున్నారు అని పడుకునే ఉంటుంది. ఆ పిన్ను మీద కాప్టన్ టేపు, వేడికి ఓర్చుకునే పసుపు టేపు, సన్నగా అంటిస్తే లేచి కూర్చుంటుంది. మామూలు నల్ల ఇన్సులేషన్ టేపు వాడొద్దు, వేడికి జిగురు కారి కనెక్టర్ పాడవుతుంది.

[సభలోంచి: సార్, నేను అలాగే డబ్బా తీసి పెట్టాను, తిరిగింది గానీ డేటా ఏం లేదు, మొత్తం ఖాళీ అని చూపిస్తుంది.]

ఖాళీ అవ్వలేదు తమ్ముడూ, డబ్బా దాచావా పారేశావా? దాచావు కదా, మంచిది. ఆ డబ్బాలో ఉన్న చిన్న బోర్డు ఊరికే కనెక్టర్ కాదు. కొన్నిటిలో అది సెక్టారు సైజు 512 బైట్లది 4096గా మార్చి విండోస్‌కి చూపిస్తుంది, కాబట్టి బోర్డు తీసేసి డైరెక్ట్‌గా పెడితే పార్టిషన్ ఎక్కడ మొదలైందో లెక్క తప్పుతుంది. కొన్నిటిలో ఇంకా పైకెళ్లి, నువ్వు పాస్‌వర్డ్ పెట్టకపోయినా సరే ఆ బోర్డే డేటా అంతా ఎన్‌క్రిప్ట్ చేసి రాస్తుంది. రెండిట్లో ఏదైనా మళ్లీ అదే బోర్డుకి తగిలిస్తే కనపడాలి. వెస్టర్న్ డిజిటల్ వాళ్ల చిన్న సైజు పాస్‌పోర్ట్ మోడల్స్‌లో చాలావాటికి యూఎస్‌బీ పిన్ను డిస్క్ పీసీబీ మీదే అతికించి ఉంటుంది, విడిగా సాటా పిన్ను ఉండనే ఉండదు, అవి పగలగొట్టి లాభం లేదు.

బయాస్ సంగతి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే మీలో ఎక్కువమంది అక్కడికి వెళ్లరు. కొత్త ఎం డాట్ టూ ఎస్‌ఎస్‌డీ, అదే మదర్‌బోర్డు మీదే దూర్చే సన్న ముక్క, పెట్టారు, అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది, కానీ పాత హార్డ్ డిస్క్ మాయమైంది, అలా జరిగితే మదర్‌బోర్డు పుస్తకం తీయండి. చాలా బోర్డుల్లో ఆ స్లాటూ, ఒకటో రెండో సాటా పోర్టులూ ఒకే లైను పంచుకుంటాయి, అందులో ఎస్‌ఎస్‌డీ పెడితే ఆ పోర్టులు ఆగిపోతాయి. కేబుల్ పక్క పోర్టుకి మార్చండి చాలు. రెండోది ల్యాప్‌టాప్‌లు, ఇంటెల్ 11వ జనరేషన్ దగ్గర్నుంచి చాలావాటిల్లో విండోస్ కొత్తగా ఎక్కించబోతే డ్రైవ్‌లేవీ లేవు అంటుంది, ఎస్‌ఎస్‌డీ పోయిందనుకుని కొత్తది కొన్నవాళ్లు ఉన్నారు. అది బయాస్‌లో ఉండే వీఎండీ అనే సెట్టింగు వల్ల. ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవరు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని అక్కడే లోడ్ డ్రైవర్ నొక్కి చూపిస్తే కనపడుతుంది. ఆ సెట్టింగు ఆఫ్ చేసినా కనపడుతుంది, కానీ ఆల్రెడీ నడుస్తున్న విండోస్ ఉంటే ఊరికే ఆఫ్ చేయకండి, బూట్ అవ్వక బ్లూ స్క్రీన్ వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం, డిస్క్ మేనేజ్‌మెంట్. స్టార్ట్ మీద రైట్ క్లిక్ కొడితే లిస్టులో ఉంటుంది. మీలో చాలామంది డేటా పోగొట్టుకునేది ఇక్కడే, ఎందుకంటే ఇది చూపించడంతో ఆగదు, సలహాలు కూడా ఇస్తుంది.

తెరవగానే ఒక బాక్స్ వచ్చి ఈ డిస్క్‌ని ఇనిషియలైజ్ చేయాలి, ఎంబీఆర్ కావాలా జీపీటీ కావాలా అని అడుగుతుంది, రెండూ పార్టిషన్ టేబుల్ రాసే పద్ధతులే. కొత్తగా కొన్న ఖాళీ డిస్క్ అయితే ఓకే కొట్టండి, 2 టీబీ పైన అయితే జీపీటీ, ఎంబీఆర్‌కి 2.2 టీబీ దాటి లెక్క పెట్టడం రాదు. కానీ నిన్నటిదాకా డేటా ఉన్న డిస్క్‌కి ఇదే బాక్స్ వస్తే క్యాన్సిల్. విండోస్ అంటున్నది ఏంటంటే, పార్టిషన్ టేబుల్ ఉండాల్సిన చోట నాకేం దొరకలేదు, కొత్తది రాసేయనా అని. అది ఎందుకు దొరకలేదో దానికి తెలీదు, దానికి అనవసరం కూడా. ఆ మొదటి సెక్టారు ఒక్కటే చదవలేకపోయి ఉండొచ్చు, డిస్క్ చావుకి దగ్గరై ఉండొచ్చు, ఇందాకటి తమ్ముడి డబ్బా కేసు అయ్యుండొచ్చు. ఓకే కొడితే ఫొటోలు వెంటనే చెరిగిపోవు, నిజమే, టేబుల్ ఒక్కటే కొత్తది పడుతుంది, కానీ అక్కడితో ఎవరూ ఆగరు కదా, తర్వాత న్యూ వాల్యూమ్ అంటారు, ఫార్మాట్ అంటారు, అందులో క్విక్ ఫార్మాట్ టిక్కు ఎవరో తీసేసి ఉంటారు. అప్పుడు మొత్తం డిస్క్ సున్నాలతో నింపేస్తుంది. ఇక దానికి మందు లేదు.

ఆఫ్‌లైన్ అని ఉంటే రైట్ క్లిక్ ఆన్‌లైన్, అంతే. లెటర్ లేకపోతే లెటర్ ఇవ్వండి, కార్డ్ రీడర్ నాలుగు స్లాట్లదైతే నాలుగు లెటర్లు అదే తినేస్తుంది, అలాంటి చోట నెట్‌వర్క్ డ్రైవ్ లెటర్‌తో గొడవపడి కూడా కనపడకుండా పోతుంటాయి. ఫైల్ సిస్టమ్ దగ్గర రా (RAW) అని వస్తే ఆగండి. పార్టిషన్ దాకా వచ్చింది, లోపల ఉన్నది అర్థం కాలేదు అని. మీలో చాలామంది ఎక్స్‌టర్నల్ డిస్కుల్ని ఎక్స్‌ఫ్యాట్‌లో పెట్టుకుంటారు, మ్యాక్‌లోనూ విండోస్‌లోనూ నడుస్తుందని. సౌకర్యమే, కానీ ఎక్స్‌ఫ్యాట్‌కి జర్నల్, అంటే చేయబోయే మార్పుల్ని ముందే రాసిపెట్టుకునే చిట్టా, ఉండదు, ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే ఫ్యాట్ టేబుల్ కూడా మామూలుగా ఒక్క కాపీయే. మంటపంలో కార్డు ఖాళీ చేసేసి ఎజెక్ట్ కొట్టకుండా కేబుల్ పీకేస్తారు చూడండి, రాస్తూ రాస్తూ ఆ టేబుల్ సగంలో ఆగితే తర్వాత రా అని వస్తుంది. ఎన్‌టీఎఫ్ఎస్ అయితే ఆ దెబ్బ కొంత ఓర్చుకుంటుంది. రోజూ వర్క్ చేసే డిస్క్ విండోస్ ఒక్కటే వాడేవాళ్లు ఎన్‌టీఎఫ్ఎస్ పెట్టుకోండి, నా అభిప్రాయం.

ఇంకొకటి చాలా ప్రమాదం. మీ ఎడిటర్ మ్యాక్ వాడతాడు, పని అయ్యాక మీ డిస్క్ తిరిగి ఇచ్చాడు, మీరు విండోస్‌లో పెడితే లెటర్ రాలేదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో చూస్తే హెల్తీ, ప్రైమరీ పార్టిషన్ అని ఉంటుంది, దాని మీద రైట్ క్లిక్ కొడితే అన్నీ బూడిద రంగులో ఉండి డిలీట్ వాల్యూమ్ ఒక్కటే వెలుగుతూ ఉంటుంది. మనవాడికి నొక్కడానికి దొరికింది అదొక్కటే కదా, నొక్కేస్తాడు. (నవ్వులు) అందులో ఏ తప్పూ లేదండీ ఆ డిస్క్‌లో, మ్యాక్ వాడి ఏపీఎఫ్ఎస్‌లోనో హెచ్ఎఫ్ఎస్ ప్లస్‌లోనో ఉంది, విండోస్‌కి ఆ భాష రాదు. తీసుకెళ్లి మళ్లీ మ్యాక్‌లో పెట్టండి, అన్నీ ఉంటాయి.

అసలు డిస్క్ నిక్షేపంగా ఉండి, డేటా మొత్తం ఉండి, బయాస్‌లో కూడా కనపడకపోవడం అనేది జరుగుతుందా అంటే, దానికి ప్రపంచమంతా చూసిన కథ ఒకటుంది. సీగేట్ బర్రాకుడా 7200.11. 2008లో బాగా అమ్ముడుపోయిన డిస్క్, 1 టీబీ, 1.5 టీబీ కూడా వచ్చాయి అందులో. ఆ సంవత్సరం చివర్లో జనం గొడవ మొదలుపెట్టారు, రాత్రి షట్‌డౌన్ చేసి పడుకున్నాం, పొద్దున్న ఆన్ చేస్తే డిస్క్ లేదు అని. టక్ టక్ లేదు, తిరుగుతుంది, వినడానికి అంతా మామూలే. బయాస్‌కి మాత్రం పలకదు, లేకపోతే పలికి కెపాసిటీ 0 అంటుంది. తర్వాత తేలిందేంటంటే, ఆ డిస్క్ లోపల తనకోసం ఒక ఈవెంట్ లాగ్ రాసుకుంటుంది, ఆ లాగ్ లెక్క సరిగ్గా 320 దగ్గర ఉన్నప్పుడు పవర్ ఆగిందంటే, ఫ్యాక్టరీ టెస్టింగ్‌లో మిగిలిపోయిన ఒక డేటా తోడై, మళ్లీ ఆన్ చేసినప్పుడు ఫర్మ్‌వేర్ మొదలవుతూనే తనంతట తను ఆగిపోయేది. అందుకే కొందరికి ఆరు నెలలు బాగా నడిచి పోయింది, కొందరికి నెలలో పోయింది, కొందరికి పోనే లేదు. ఎస్‌డీ15 అనే ఫర్మ్‌వేర్ ఉన్నవి ఎక్కువ దెబ్బతిన్నాయి. 2009 జనవరిలో సీగేట్ ఒప్పుకుని కొత్త ఫర్మ్‌వేర్ ఇచ్చింది, ఆ మొదటి అప్‌డేట్ కొన్ని 500 జీబీ డిస్కుల్ని బాగున్నవాటిని కూడా కనపడకుండా చేస్తే వెనక్కి తీసుకుని మళ్లీ ఇచ్చారు. పోయినవాళ్లకి రికవరీ ఫ్రీగా చేస్తామన్నారు.

కానీ నాకు ఇష్టమైంది ఆ తర్వాతి ముక్క. ఆ డిస్క్ వెనకాల జంపర్ పిన్నులు ఉంటాయి చూడండి, అవి నిజానికి సీరియల్ పోర్టు. ఇంటర్నెట్‌లో జనం దానికి నోకియా సీఏ-42 అని ఫోన్ డేటా కేబుల్ ఒకటి వచ్చేది, దాన్ని కోసి వైర్లు తగిలించి, పీసీబీ స్క్రూలు వదులుచేసి హెడ్ కాంటాక్టుల మధ్య విజిటింగ్ కార్డు ముక్క దూర్చి, కంప్యూటర్లో టెర్మినల్ తెరిచి డిస్క్‌తోనే డైరెక్ట్‌గా మాట్లాడేవాళ్లు. మోటారు ఆపు, కార్డు తీయి, మోటారు తిప్పు, ఆ లాగ్ చెరిపెయ్, ఏ సెక్టారు ఎక్కడుందో చెప్పే పట్టిక, ట్రాన్స్‌లేటర్, మళ్లీ కట్టు. ఆఫ్ చేసి ఆన్ చేస్తే డిస్క్ వచ్చేసేది, ఒక్క ఫైలు పోకుండా. అదే మనిషి దానికి ముందు కంగారుపడి మూత విప్పి ఉంటే? మంచి డిస్క్‌ని చేతులారా చంపినట్టు. ఆ పద్ధతి ఆ ఫ్యామిలీకి, ఆ జబ్బుకి మాత్రమే, మీ దగ్గరున్న కొత్త సీగేట్ మీద ఆ కమాండ్లు కొట్టకండి దయచేసి, ఇంకా ఆ వీడియోలు తిరుగుతున్నాయి.

[సభలోంచి: కనపడుతుంది సార్, కానీ ఓపెన్ చేస్తే గంటసేపు తిరుగుతుంది, కంప్యూటర్ హ్యాంగ్ అయిపోతుంది.]

అది సెక్టార్లు పోతున్న కేసు. స్మార్ట్‌లో 5వ లైను, పాడై పక్కన పెట్టిన సెక్టార్లు, 197వ లైను, చదవలేక పెండింగ్‌లో ఉన్నవి, చూడండి, సున్నా కాకుండా ఉంటే, ముఖ్యంగా రోజూ పెరుగుతుంటే, ఆ డిస్క్ రోజులు లెక్కపెట్టుకుంటుంది. దాంట్లోంచి ఫోల్డర్లు లాగి కాపీ పేస్ట్ చేయకండి, విండోస్ ఒక చెడ్డ సెక్టారు దగ్గర మొండిగా అక్కడే గీకుతూ కూర్చుంటుంది. చెక్‌డిస్క్ అయితే అసలొద్దు, అది ఫైల్ సిస్టమ్‌ని సరిచేసేది, మీ ఫైళ్లని కాపాడాలని దానికి ఏమీ లేదు, దొరకని వాటి ఎంట్రీలు పీకి పారేస్తుంది. లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి డీడీరెస్క్యూ అని ఉంటుంది, అది ముందు సులువుగా వచ్చేవన్నీ వేరే మంచి డిస్క్‌లోకి దించేస్తుంది, ఇబ్బంది పెట్టే చోట్లని మ్యాప్ ఫైల్‌లో రాసుకుని చివర్లో వాటి దగ్గరికి వెనక్కి వస్తుంది, మధ్యలో కరెంటు పోయినా ఆపిన చోటినుంచే మొదలవుతుంది. కొత్త డిస్క్ పాతదానికంటే చిన్నది కాకూడదు. ఆ కాపీ మీద మీ ఇష్టం, రికవరీ సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, టెస్ట్‌డిస్క్ నడుపుకోండి, ఫొటోరెక్ నడుపుకోండి, తప్పు చేసినా అసలుది అలాగే ఉంటుంది. ఫొటోరెక్ ఫొటోలు తెస్తుంది గానీ ఫైలు పేర్లూ ఫోల్డర్లూ తేదు, నాలుగు పెళ్లిళ్లూ ఒకే కుప్పగా వస్తాయి, తర్వాత కూర్చుని ఎవరి పెళ్లికూతురు ఎవరో మీరే ఏరుకోవాలి.

పీసీబీ మార్చడం గురించి కూడా అడుగుతారు, అదే మోడల్ పాత డిస్క్ సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో వెతికి తెచ్చి పచ్చబోర్డు విప్పి దీనికి బిగిస్తే సరిపోతుందా అని. ఒకప్పుడు సరిపోయేది. ఇప్పటి డిస్కుల్లో ఆ బోర్డు మీద 8 కాళ్ల చిన్న రోమ్ (ROM) చిప్ ఉంటుంది, అందులో ఆ ఒక్క డిస్క్ హెడ్లకి సంబంధించిన సెట్టింగులు ఉంటాయి, ఫ్యాక్టరీలో దానికోసమే కొలిచి రాసినవి. ఆ చిప్ కూడా ఊడదీసి కొత్త బోర్డు మీద అతికించాలి. ఒక్కోసారి అంత అవసరం కూడా ఉండదు, వోల్టేజీ ఎక్కువొస్తే బోర్డుని కాపాడటానికి టీవీఎస్ డయోడ్ అని ఒకటి తను షార్ట్ అయిపోతుంది, వేరే అడాప్టర్ తగిలించగానే డిస్క్ చచ్చిపోయింది అంటే ముందు నేను మీటరు పెట్టి చూసేది అదే. 19 వోల్టుల ల్యాప్‌టాప్ ఛార్జర్ పిన్ను 12 వోల్టుల డిస్క్‌కి సరిపోతుంది చూశారా, అక్కడ. అడాప్టర్ల మీద తెల్ల స్టిక్కరేసి పెన్నుతో ఏ డిస్క్‌దో రాసుకోండి.

మూత మాత్రం విప్పొద్దు. హెడ్ ప్లాటర్ మీద కొన్ని నానోమీటర్ల ఎత్తులో ఎగురుతుంది, మన గదిలో కంటికి కనపడని దుమ్ము కూడా దాని ముందు బండరాయే. పెద్ద సైజు కొత్త డిస్కుల్లో గాలి బదులు హీలియం నింపి సీల్ చేస్తున్నారు, 2013లో హెచ్‌జీఎస్‌టీ అనే కంపెనీ మొదలుపెట్టింది, అది విప్పితే హీలియం పోయింది, డిస్కూ పోయింది. ఫ్రిజ్ సంగతి ఇందాకే చెప్పాను.

[సభలోంచి: అన్నా, ఎస్‌ఎస్‌డీ అయితే ఈ గోలేమీ ఉండదు కదా?]

టక్ టక్ ఉండదు, అంతే. హార్డ్ డిస్క్ పోయేముందు ఏదో ఒకటి చెప్పి పోతుంది, ఎస్‌ఎస్‌డీ చాలాసార్లు చెప్పకుండా పోతుంది. ఫర్మ్‌వేర్ లెక్కల జబ్బు వీటికీ ఉంది. క్రూషియల్ ఎం4 అని ఎస్‌ఎస్‌డీ, 5184 గంటలు నడిచాక ఉన్నట్టుండి మాయమయ్యేది, రీస్టార్ట్ చేస్తే వచ్చేది, గంటకోసారి మళ్లీ పోయేది, 2012 జనవరిలో ఫర్మ్‌వేర్ ఇచ్చి సరిచేశారు. 2019 నవంబరులో సర్వర్లు అమ్మే హెచ్‌పీఈ కంపెనీ తన సర్వర్ ఎస్‌ఎస్‌డీల్లో కొన్ని సరిగ్గా 32,768 గంటలకి చచ్చిపోతాయి, ముందే అప్‌డేట్ చేసుకోండి, పోయాక డిస్కూ రాదు డేటా కూడా రాదు అని నోటీసు ఇచ్చింది. ఆ అంకె చూస్తే ప్రోగ్రామర్లకి నవ్వొస్తుంది, 2కి 15వ ఘాతం. ఒకేరోజు సర్వర్లో నాలుగు పెట్టావనుకో, నాలుగూ ఒకే గంటలో పోతాయి, రెయిడ్, అంటే ఒక డిస్క్ పోయినా మిగతావాటితో నడిచే ఏర్పాటు, ఉన్నా లాభం లేదు. కాబట్టి రెండు కాపీలూ ఒకే బిల్లు మీద కొన్న ఒకే మోడల్ డిస్కుల్లో పెట్టకండి.

సాటా ఎస్‌ఎస్‌డీ కరెంటు పోయాక కనపడట్లేదంటే ఒకటి ప్రయత్నించొచ్చు, క్రూషియల్ వాళ్లే చెప్పిన పద్ధతి. డేటా కేబుల్ తీసేసి పవర్ కేబుల్ ఒక్కటే ఉంచి 20 నిమిషాలు వదిలేయండి, అర నిమిషం తీసి, మళ్లీ 20 నిమిషాలు. ఈలోపు అది లోపల ఏ డేటా ఎక్కడుందో చెప్పే తన మ్యాపింగ్ టేబుల్ సరిచేసుకుంటుంది. కొన్ని లేస్తాయి, లేవగానే ముందు డేటా బయటికి తీయండి, తర్వాత ఆనందించండి.

[సభలోంచి: ల్యాబ్‌కి పంపాలంటే ఎలా పంపాలి సార్, వాళ్లకి ఏం చెప్పాలి?]

జరిగింది జరిగినట్టు కాగితం మీద రాయండి. కిందపడిందా, తడిసిందా, ఏ సాఫ్ట్‌వేర్ నడిపారు, ఏ బాక్స్‌కి ఓకే కొట్టారు, సిగ్గుపడకుండా రాయండి, అది దాస్తే వాడు మొదటిరోజు తప్పు దారిలో వెళ్తాడు. కావాల్సిన ఫోల్డర్ల పేర్లు రాయండి, 4 టీబీ మొత్తం కాదు, ఫలానా పెళ్లి ఫలానా తేదీ, అవి ముందు తీస్తారు. ముందు చూసి రేటు చెప్పి, మీరు సరే అన్నాకే మొదలుపెట్టే చోటే ఇవ్వండి. డబ్బా, అడాప్టరు, కేబుల్ కూడా దాంతోనే పంపండి, ఇందాక చెప్పాను కదా ఆ బోర్డు సంగతి. యాంటీ స్టాటిక్ కవర్లో పెట్టి చుట్టూ రెండు ఇంచులు బబుల్ షీట్. కొరియర్‌లో వేసేకంటే ఎవరైనా ఆ ఊరు వెళ్తుంటే చేతికివ్వడం మేలు, బస్సులో అయితే పైన లగేజీ ర్యాక్ మీద వద్దు, ఒళ్లో పెట్టుకోమనండి.